కాపు కాసే చెట్లు

పిల్లలూ, మీరు నూజివీడు రసాలు తినే ఉంటారు. నేను ఆ మామిడితోటల్లోనే పెరిగాను. మా తోట గట్టున వరసగా సరుగుడు చెట్లుండేవి. "ఒక్క పండైనా కాయవు, ఇవెందుకు తాతయ్యా?" అని అడిగాను.

"ఇవి కాయవురా, కాపు కాస్తాయి!" అన్నాడు తాతయ్య.

ఆ వేసవిలో ఈదురుగాలి వచ్చింది. గట్టు దగ్గరి చెట్లకు కాయ నిలిచింది. చాటులేని చెట్ల కింద నేలంతా పచ్చికాయలే!

సముద్రతీరానికి కూడా ఇటువంటి కాపలా ఉన్నది. పెద్దయ్యాక దాన్ని కోరంగిలో చూశాను. కాకినాడకు దక్షిణంగా, గోదావరి సముద్రంలో కలిసేచోట మడ అడవులున్నాయి. మామిడివేరు నేలలోకి దిగుతుంది గదా! అక్కడ బురదలోనుంచి వేళ్ళు పెన్సిళ్ళు గుచ్చినట్టు పైకి లేచి ఉన్నాయి. ఆ బురదలో గాలి ఆడదు. అందుకని మడచెట్టు వేళ్ళను పైకి పంపి ఊపిరి పీలుస్తుంది.

తుఫానుగాలి సముద్రపు నీటిని ఒడ్డు మీదికి నెట్టుకువస్తే అది ఉప్పెన. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన మా కృష్ణాతీరాన దివిసీమను ముంచింది. సుమారు 10,000 మంది చనిపోయారు. ఆ నీరు దట్టమైన వేళ్ళ మధ్య, మొదళ్ళ మధ్య దూరి రావలసివస్తే దాని వడి తగ్గుతుంది, ఎత్తూ తగ్గుతుంది. ఒండ్రు కొట్టుకుపోకుండా ఆ వేళ్ళే పట్టి ఉంచుతాయి. కాకినాడ ముందు గోదావరి ఇసుకతో ఏర్పడిన హోప్ ఐలండ్ కూడా ఉన్నది. అలల దెబ్బ ముందు దానికే తగులుతుంది.

అయితే, అడవి ఉన్నది గదా అని తుఫాను హెచ్చరిక విన్నాక ఇంట్లో కూచోకూడదు. 1839లో పెద్ద ఉప్పెన కోరంగి రేవునే ధ్వంసం చేసింది. అడవి ఎంత వెడల్పుగా ఉంటే అంత మేలు. సన్నని వరస చాలదు.

కోరంగి అడవి 1978 నుంచి అభయారణ్యం. కాని దాని అవతల, 2020లో, కాకినాడలో పేదల ఇళ్ళస్థలాలకని మడనేలను మట్టితో పూడ్చారు. ఆ వివాదం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. పేదలకు ఇళ్ళు కావలసిందే. ఆ ఇళ్ళకు కాపలా కూడా కావాలి గదా!

సరుగుడు కొట్టేసి ఇంకో వరస మామిడి వేయమని తాతయ్యకు చాలామంది చెప్పారు. ఆయన వినలేదు. మీరు కోరంగి వెళితే బురదలోని ఆ వేళ్ళను తప్పక చూడండి. తొక్కకండి, అవి ఊపిరి పీలుస్తున్నాయి.