టాపెట్ల చప్పుడు

మరోదా జలాశయం భిలాయి ఉక్కు కర్మాగారానికి నీరందిస్తుంది. దల్లీ రాజహరా గనుల నుండి ఇనుప ఖనిజం మోసుకువచ్చే రైళ్లు మరోదా స్టేషను మీదుగానే పోతాయి. కర్మాగారంలో పని వెదుక్కుంటూ తెలుగు సీమ నుండి వచ్చిన కుటుంబాలు ఈ చుట్టుపక్కల స్థిరపడి రెండు మూడు తరాలయినది. అటువంటి ఒక ఇంటి ముంగిట ప్రతి ఉదయం నాలుగు గంటలకు ఒక పాత పికప్ బండి టకటకమని శబ్దం చేస్తూ మేల్కొనేది. దానిలో కూరగాయలు బజారుకు చేరవేసి ఆ ఇంటి కుమారుడు సంసారం గడుపుకొనేవాడు.

ఆ చప్పుడు అతనికి నామోషీగా ఉండేది. ఇరుగుపొరుగులకు నిద్రాభంగం. సరుకు వేయించుకునేవారికి బండి మీద అనుమానం. అతడు ఒకనాడు ఎవరి చేతనో టాపెట్లు బిగింపించి తెచ్చాడు. మరునాటి ఉదయం బండి నిశ్శబ్దంగా కదిలింది. రైలు పట్టాల మిల్లులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న తండ్రి దానిని గమనించి కూడా ఏమీ అనలేదు. కొడుకు ముఖంలోని సంతోషాన్ని చెరపడానికి ఆయనకు మనసొప్పలేదు.

మూడు వారాలయ్యేసరికి బండి తెల్లవారుజామున లేవడానికి మొరాయించింది. బరువుతో వంతెన ఎక్కలేకపోయింది. అప్పుడు తండ్రి అతనిని తనకు తెలిసిన ముసలి మేస్త్రీ వద్దకు తీసుకుపోయాడు.

"చప్పుడేమీ లేదు మావయ్యా, అయినా బలం లేదు" అన్నాడు కొడుకు.

"చప్పుడు లేదంటేనే నాకు భయం, నాయనా. రాత్రంతా చల్లారనియ్యి, రేపు చూద్దాం" అన్నాడు మేస్త్రీ.

ఇంజను లోపలికి గాలిని రానిచ్చేది ఒక వాల్వు, కాలిన పొగను బయటికి పంపేది మరొకటి. వాటిని రాకర్ అనే చిన్న ఇనుప చేయి నొక్కి తెరుస్తుంది. నిమిషానికి 800 చుట్లు తిరిగే ఇంజనులో ఒక్కొక్క వాల్వు 400 సార్లు తెరుచుకొని మూసుకొంటుంది. రాకర్ కొనకూ వాల్వు కాడకూ నడుమ ఒక సన్నని సందు ఉండాలి. పొగ వాల్వు పని వేళ 600 డిగ్రీలు దాటి వేడెక్కవచ్చు. వేడికి ఇనుము పెరుగుతుంది. పెరగడానికి చోటు లేకపోతే వాల్వు తన పీటపై పూర్తిగా కూర్చోలేదు. వాల్వు తన వేడిలో అధికభాగాన్ని ఆ పీటకే అప్పగించాలి. కూర్చోలేని వాల్వు చల్లబడే దారి లేక అంచున కాలిపోతుంది. డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. గాలిని గట్టిగా అదిమినప్పుడు పుట్టే వేడికే నూనె మండాలి. ఆ అదుము కారిపోతే చల్లని ఉదయాన బండి లేవదు.

మరునాడు మేస్త్రీ మూత విప్పాడు. చక్రాన్ని చేతితో తిప్పుతూ నాలుగవ సిలిండరు వాల్వులు రెండూ ఒకటి మూసుకొంటూ, ఒకటి తెరుచుకొంటూ ఊగే స్థానానికి తెచ్చి, మొదటి సిలిండరు వద్ద ఫీలర్ గేజి దూర్చబోయాడు. అతి పలుచని రేకు కూడా దూరలేదు. ఆయన బిగింపు నట్టు వదులు చేసి, మర తిప్పి, తయారీదారు చెప్పిన మందపు రేకును ఉంచాడు. రేకు లాగితే కొద్దిగా పట్టి, జారి రావాలి. మరను కదలనీయకుండా పట్టుకొని నట్టు బిగించి, మళ్లీ కొలిచాడు. బిగింపులో సందు మారుతుంది కనుక. అనంతరం ఒకటవది ఊగేటప్పుడు నాలుగవదానిని, మూడవది ఊగేటప్పుడు రెండవదానిని, రెండవది ఊగేటప్పుడు మూడవదానిని సరిచేశాడు. మొదట చప్పుడు ఎందుకు పెరిగినదో కూడా చూపించాడు. రాకర్ల కొనలు అరిగి గుంటలు పడ్డాయి. గుంటపై రేకు పెడితే కొలత తప్పు చూపుతుంది. అరిగిన కొనలను మార్చాలి. మరను బిగించి నోరు నొక్కరాదు.

తండ్రి ఆ సందునే చూస్తున్నాడు. 1960లో ప్రారంభమైన పట్టాల మిల్లులో ఆయన ఏళ్లతరబడి ఎర్రని ఇనుము చల్లారి కుదించుకొనడం చూచినవాడు. 13 మీటర్ల పట్టా 30 డిగ్రీలు వేడెక్కితే ఇంచుమించు 5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అందుకే పాత దారులలో పట్టాకూ పట్టాకూ నడుమ సందు వదిలేవారు. రైలు టకటకమనేది ఆ సందుల మీదనే.

"నాకు తెలిసే ఊరుకున్నాను, బాబూ. ఆనాడే చెప్పవలసింది" అన్నాడు తండ్రి. కొడుకు మారు పలుకలేదు.

మూడు సిలిండర్లు కోలుకున్నాయి. రెండవదాని పొగ వాల్వు అంచు అప్పటికే కాలిపోయినది. హెడ్డు విప్పి, వాల్వు మార్చి, పీట నూరించడానికి పది రోజులు పట్టినది. ఆ పది రోజులూ కూరగాయలు వేరొకరి బండి మీద పోయాయి. ఇంటి ఖర్చుకు తండ్రి దాచుకున్న సొమ్ము తీశాడు.

పదకొండవ రోజు ఉదయం నాలుగు గంటలకు బండి మళ్లీ మేల్కొన్నది. మునుపటి గోల లేదు; చెవియొగ్గితే మాత్రం సన్నని టకటక, ఒకే తూకంలో వినిపించినది. కొడుకు క్షణకాలం ఆగి దానిని విన్నాడు. లోపల మంచం మీద తండ్రి కూడా మేలుకొని వింటూనే ఉన్నాడు.