ముప్పై ఏళ్లకి గుద్దడం నేర్చుకున్నోడు

డేనియల్ కార్మియర్ అంటే నాకు పిచ్చి. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ కుస్తీలో నాలుగో స్థానం, పతకం చేతికందలేదు. 2008 బీజింగ్‌కి అమెరికా కుస్తీ జట్టు కెప్టెన్‌గా వెళ్లాడు. తీరా బరువు తగ్గించుకునే పాట్లలో కిడ్నీలు మొరాయించాయి. మ్యాట్ ఎక్కకుండానే వెనక్కి!

మరుసటి ఏడాది, ముప్పై ఏళ్ల వయసులో, గుద్దులు, తన్నులు, పట్లు అన్నీ చెల్లే ఎంఎంఏలోకి దిగాడు. ఎత్తి పడేయడం వచ్చు. మొహమ్మీదికొచ్చే పిడికిలే కొత్త. (ఇరవై తొమ్మిదేళ్లకి గ్రూప్స్ పుస్తకాలు అటకెక్కించి, కుర్రాళ్ల పక్కన కోడింగ్ క్లాసులో కూర్చుంటున్నా. ‘ఇప్పుడా?’ అంటోంది అమ్మ.)

2018లో యూఎఫ్‌సీ హెవీవెయిట్ టైటిల్ ఫైట్. అప్పటికే లైట్ హెవీవెయిట్ బెల్టు ఇతనిదే. అవతల స్టీపే మియోచిచ్. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకున్నారు. కుస్తీవాడు కదా, ఎత్తేస్తాడనుకుంటాం. పట్టు విడిపోతుండగా కుడిచేత్తో ఒక్కటిచ్చాడు. మియోచిచ్ లేవలేదు. మొదటి రౌండే!