బంగారు రంగు బెల్లం... నమ్మొచ్చా?

సంక్రాంతి ముందూ వెనకల్లో చోడవరం నుంచి కె.కోటపాడు వైపు వెళ్తుంటే, ఊళ్ల పేర్లు రాసిన బోర్డుల కంటే ముందు బెల్లం వాసన ఎదురొస్తుంది. చెరకు తోట పక్కన ఓ పాక, పాకలోంచి ఎగసే తెల్లటి ఆవిరి, బయట ఎండకు పరిచిన చెరకు పిప్పి. కారులో వెళ్లేవాళ్లు ఆగకుండా ఉండలేరు. పండక్కి విశాఖ నుంచి వచ్చినవాళ్లు, అమెరికా నుంచి సెలవులకు దిగిన పిల్లలు దిగి చూస్తారు. వేడి బెల్లం వేలితో తీసి నాకుతారు. ఓ అయిదు కిలోలు కట్టించుకుంటారు. కట్టించుకునే ముందు చాలామంది అడిగేది ఒకటే... ‘ఇంకాస్త తెల్లగా ఉన్నది లేదా?’

చిక్కంతా ఆ మాటతోనే మొదలవుతుంది.

కె.కోటపాడు 2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఇప్పుడు అనకాపల్లి జిల్లా. దేవరాపల్లి దగ్గర శారదా నదిపై కట్టిన రైవాడ జలాశయం నీళ్లు ఇక్కడి పొలాలకూ అందుతాయి, విశాఖ నగరం కుళాయిలకూ వెళ్తాయి. ఆ నీటిలో పొలం వాటా ఎంత, పట్నం వాటా ఎంత అన్న తగువు పాతదే. చెరకు రైతుకు ఇక్కడ రెండు దారులు ఉంటూ వచ్చాయి. కోసిన గడను గోవాడలోని చోడవరం సహకార చక్కెర కర్మాగారానికి తోలడం ఒకటి. తోటలోనే గానుగాడించి బెల్లం వండి, అనకాపల్లి మార్కెట్టుకు పంపడం రెండోది. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో అనకాపల్లిది ముందువరస.

బెల్లం వండటం చూడ్డానికి తేలిక, చేయడానికి కాదు. గడ కోసిన రోజే గానుగకెక్కాలి, ఆలస్యమైతే రసం పులుస్తుంది. రసాన్ని పెద్ద పెనంలో పోసి, కింద ఎండు పిప్పితో మంట పెడతారు. చెరకు మండించే పొయ్యి మీదే చెరకు ఉడుకుతుందన్నమాట! పులుపు విరగడానికి కాస్త సున్నం వేస్తారు. కాగేకొద్దీ పైకి నల్లటి మడ్డి తేలుతుంది. దాన్ని పట్టి తీయడానికి పాతకాలంలో బెండ మొక్క కాండం నలిపిన జిగురు వాడేవారు. ఆ జిగురు మడ్డిని పోగేసి పైకి తెస్తుంది, గరిటెలతో తోడిపారేస్తారు. పాకం సుమారు 118 డిగ్రీల వేడికి చేరాక దించాలి. పెనం దగ్గర నిలబడ్డ పెద్దాయనకు థర్మామీటరు అక్కర్లేదు. చుక్క నీళ్లలో వేసి, ఉండ కట్టిందో లేదో చూస్తాడు. క్షణం ముందైతే బెల్లం గట్టిపడదు, క్షణం ఆలస్యమైతే మాడు రుచి. దించిన పాకాన్ని కలియబెట్టి, ఆరబెట్టి దిమ్మలు పోస్తారు. వంద కిలోల చెరకు ఆడిస్తే చేతికొచ్చే బెల్లం పది కిలోల చిల్లర.

ఇలా వండిన బెల్లం ఏ రంగులో ఉంటుంది? గోధుమ రంగులోనో, ఇంకాస్త ముదురుగానో ఉంటుంది. నేలను బట్టి, చెరకు రకాన్ని బట్టి మారుతుంది. వానాకాలంలో గాలిలోని తేమ పీల్చి చెమ్మగిల్లుతుంది. ఇది లోపం కాదు, బెల్లం స్వభావం. కానీ మార్కెట్టులో దిమ్మకు ధర కట్టేది కన్ను. మెరిసే పసుపు రంగుది మొదటి రకం, ముదురుది ఆఖరి రకం. ఒకే తోట, ఒకే కష్టం... రంగు తగ్గితే క్వింటాకు ధర పడిపోతుంది. ఆ తేడా పూడ్చుకోవడానికే పొయ్యి దగ్గరకు ‘హైడ్రోస్’ వచ్చింది. అసలు పేరు సోడియం హైడ్రోసల్ఫైట్. బట్టల రంగు విరిచే మందు. కాగుతున్న రసంలో కాస్త చల్లితే చాలు, ముదురు పాకం బంగారు రంగుకు తిరుగుతుంది. బెల్లంలో మిగిలేది గంధకం తాలూకు శేషం. గంధక డయాక్సైడు బెల్లంలో పది లక్షల పాళ్లకు 70 పాళ్లు మించకూడదని మన ఆహార నిబంధన. మించితే ముందు ఇబ్బంది పడేది ఉబ్బసం ఉన్నవాళ్లు. తమాషా ఏమిటంటే, ఆ బంగారు రంగూ నిలవదు. ఇంటికి తెచ్చిన కొన్నాళ్లకు గాలి తగిలి మళ్లీ నల్లబడుతుంది.

కొనేవాడి కన్నూ ముక్కూ మోసపోవడం ఈ ఒక్క చోటే కాదు. అమెరికాలో స్థిరపడినవాళ్లు మెక్సికో విహారానికి వెళ్తే సీసాలకొద్దీ వెనిలా తెచ్చుకుంటారు. వెనిలా పుట్టిల్లు అదే కదా అన్న నమ్మకం. నిజమే, వెరాక్రూజ్ రాష్ట్రంలోని పపాంత్లా చుట్టుపక్కల తోతోనాక్ జనం ఎన్నో తరాలుగా పెంచుతున్న ఆర్కిడ్ తీగ అది. మెక్సికో దాటించి నాటితే పూసేదే తప్ప కాసేది కాదు. 1841లో రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ ఆల్బియస్ అనే 12 ఏళ్ల బానిస కుర్రాడు, చిన్న పుల్లతో పుప్పొడి అంటించే కిటుకు చూపించాడు. నేటికీ పువ్వు పువ్వుకూ చేత్తోనే ఆ పని చేయాలి. కాయను నెలల తరబడి మగ్గబెట్టాలి. 2018 ప్రాంతంలో మడగాస్కర్ వెనిలా కిలో 500 డాలర్లు దాటిందంటే ఊరికే కాదు. మరి పర్యాటకుల దుకాణంలో నాలుగైదు డాలర్లకు లీటరు సీసా ఎలా వస్తుంది? చాలావాటిలో ఉండేది కర్మాగారంలో తయారైన వెనిలిన్. దానివల్ల ప్రమాదం లేదు, కాకపోతే అది తోటలో కాసింది కాదు. కొన్నిటిలో టోంకా గింజల సారం కలుస్తుంది, అందులో కౌమరిన్ ఉంటుంది. కాలేయానికి చేటని ఆహారంలో కౌమరిన్ కలపడాన్ని అమెరికా 1954లోనే నిషేధించింది. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లకు మరీ మంచిది కాదు. సీసా మీద ఆ పేరు ఉండకపోవచ్చు కూడా.

అసలుదా కాదా అన్నది ఒక ప్రశ్న. తింటే ప్రమాదమా కాదా అన్నది వేరే ప్రశ్న. రెండింటినీ కలిపేస్తేనే మోసపోయేది. పంచదార చవగ్గా దొరికిన రోజున పాకంలో పంచదార కలిపి పోసిన దిమ్మ అసలు బెల్లం కాదు, కానీ తిన్నవాళ్లకు పంచదార తిన్నట్టే. హైడ్రోస్ చల్లినదో... అక్షరాలా చెరకు బెల్లమే! ‘మా తోటలో వండినదే’ అన్న మాట అబద్ధం కాకపోయినా, అడగాల్సింది ఇంకోటి మిగిలే ఉంటుంది.

ఇంట్లో కొంతవరకు తెలుసుకోవచ్చు. చిన్న ముక్క గాజు గ్లాసు నీళ్లలో కరిగించి కాసేపు వదిలేస్తే, సుద్దపొడి కలిసి ఉంటే అడుగున తెల్లగా పేరుకుంటుంది. బెల్లం ఉప్పగా తగిలితే మందు వేశారని కొందరు తేల్చేస్తారు గానీ, చవుడు నేలలో పండిన చెరకు బెల్లమూ ఉప్పగానే ఉంటుంది. హైడ్రోస్ సంగతి కచ్చితంగా తేల్చేది ప్రయోగశాలే. అందుకే ముందే రంగు మీద మోజు తగ్గించుకోవడం మేలు. 1913 నుంచి పనిచేస్తున్న అనకాపల్లి పరిశోధన స్థానం రసాయనాలు లేని బెల్లం, బెల్లం పొడి తయారీని ప్రోత్సహిస్తోంది. అయినా మందు లేకుండా వండిన రైతు ముదురు దిమ్మతో మార్కెట్టుకు వెళ్లి తక్కువ ధరకు ఇచ్చేసి వస్తే, మరుసటి వారం అతను ఏం చేస్తాడు?

పైగా చెరకే తగ్గిపోతోంది. తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ... ఈ ప్రాంతపు సహకార కర్మాగారాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. గోవాడ దగ్గరా బకాయిల కోసం రైతులు రోడ్డెక్కారు. కూలి దొరక్క, గిట్టుబాటు లేక చెరకు వదిలేస్తున్నవారు ఎందరో.

ఈసారి అటు వెళ్తే మేలిమి బెల్లం ఏదని అడగక్కర్లేదు. ఇంటి అరిసెలకు ఏది ఉంచుకున్నారని అడగండి. దిమ్మల వరుసలో కాకుండా, పాక మూలన గోనె కప్పి ఉంచినది ఏదైనా ఉంటే బయటికి తీస్తారు. చింతపండు రంగులో, పైన కాస్త చెమ్మతో ఉంటుంది. ‘ఇది మీకు నచ్చదేమో బాబూ’ అంటారు. తూకం వేయించుకోండి.