వేలికి అందని తడి

టోవా పాయోలో మా బ్లాకుల మధ్య ఉమ్మడి తోటలో తోటకూర, బెండ, కాంకాంగ్ అనే ఆకుకూర పెంచుతారు. నేషనల్ పార్క్స్ బోర్డు 2005లో మొదలుపెట్టిన కమ్యూనిటీ ఇన్ బ్లూమ్ పథకం కింద ఇలాంటి తోటలు సింగపూర్ అంతటా వెలిశాయి. వారమంతా ఎలక్ట్రానిక్స్ ఉద్యోగం, సెలవు రోజున ఈ మడుల్లో మట్టి తడిని కొలిచే నా సెన్సర్ల పని.

ఇక్కడ ఏడాదికి దాదాపు 2,400 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అయినా 1962 ఒప్పందం ప్రకారం జొహోర్ నుంచి నీళ్లు కొంటారు, వాడిన నీళ్లను శుద్ధి చేసి నీవాటర్‌గా మళ్లీ వాడతారు, సముద్రపు నీటిలో ఉప్పు తీస్తారు. అలాంటి ఊళ్లో మధ్యాహ్నం వాన దంచికొట్టినా సాయంత్రం అలవాటుగా గొట్టం పట్టేవాళ్లున్నారు. ఈ రోజుకి నీళ్లొద్దని చెప్పడానికే నా సెన్సర్ ఎక్కువగా పనికొస్తుంది.

"వేలు పెట్టి చూస్తే తెలీదా?" అన్నారు పక్కమడి అంకుల్. తెలుస్తుంది, పైన అంగుళం వరకు. బెండ వేరు అంతకన్నా లోతున తాగుతుంది.

రెండు కడ్డీల మధ్య కరెంటు నడిపి కొలిచే రకం త్వరగా తుప్పుపడుతుంది, ఎరువు వేస్తే లెక్క తప్పుతుంది. అందుకే కెపాసిటివ్ రకం వాడతాను. నీటి డైఎలక్ట్రిక్ విలువ సుమారు 80, ఎండు మట్టిది 3 నుంచి 5. ఆ తేడాను ఇది పట్టుకుంటుంది. అయితే సెన్సర్ సర్క్యూట్ బోర్డు కోసిన అంచుల్లోంచి చెమ్మ లోపలికి ఎక్కుతుంది. అంచులకు ఎపాక్సీ పూసి, బాగా ఆరాక నేలలో దించుతాను. చుట్టూ మట్టి అదమకపోతే మధ్యలో గాలి మిగిలి, తడి నేలను కూడా ఎండిందని చూపిస్తుంది.

ఆ చూపించే అంకెను నేరుగా నమ్మకూడదు. ఆ మడి మట్టినే తూచి, 105 డిగ్రీల ఓవెన్‌లో రోజంతా ఎండబెట్టి, మళ్లీ తూచి, తగ్గిన బరువుతో సరిచూసుకోవాలి. కొబ్బరి పొట్టు కలిపిన కుండీ లెక్క నేల మడికి పనికిరాదు.

కాంక్రీటు గోడలు, తడి ఆకులు వైఫైని మింగేస్తాయి కాబట్టి తక్కువ కరెంటుతో దూరం పంపే లోరా రేడియో పెట్టాను. దానికి ఇక్కడ 920–925 మెగాహెర్ట్జ్, ఇండియాలో 865 నుంచి. అరగంటకోసారి లేచి, అంకె పంపి, నిద్రపోతే బ్యాటరీ నెలల తరబడి వస్తుంది.

అనంతపురంలో కురిసేది ఇక్కడి వానలో నాలుగో వంతుకు మించదు. అక్కడ డ్రిప్ వేసుకున్న రైతుకు ఈ పరికరం మరీ అవసరం. కొనేముందు అమ్మేవాళ్లను ఒక్క మాట అడగండి: మా చేని మట్టితో సరిచూసి ఇస్తారా? ఇవ్వలేమంటే ఆ డబ్బు దాచుకోండి.