లాభాలు, నష్టాలు, ఇంటర్వెల్

తెలుగు మీడియంలో చదువుకున్నవాళ్ళెవరైనా ‘చలనచిత్రాలు – లాభనష్టాలు’ అనే వ్యాసం ఒక్కసారైనా రాసే ఉంటారు. మా అక్క రాసింది, నేను రాశాను, ఇప్పుడు చోడవరంలో టెన్త్ చదువుతున్న మా మేనకోడలూ రాసింది. ఈ ముప్పై ఏళ్ళలో టూరింగ్ టాకీసులు పోయాయి, క్యాసెట్లు పోయాయి, సినిమా అరచేతిలోకి వచ్చేసింది. వ్యాసం మాత్రం చెక్కు చెదరలేదు. విషయ ప్రవేశంలో సినిమా శక్తిమంతమైన మాధ్యమం. లాభాల్లో విజ్ఞానం, వినోదం, దేశభక్తి. నష్టాల్లో హింస, అశ్లీలం, పెడదారి పడుతున్న యువత. ఉపసంహారంలో నిర్మాతలకు ఒక హితవు. ఇది రాసిన పిల్లల్లో సగం మంది ముందురోజే సినిమాకెళ్ళి, ఈలలేసి, గొంతు బొంగురుపోయి వచ్చినవాళ్ళు.

పిల్ల రాసిన వ్యాసం చదివి బాగుందన్నాను. “అందులో నా ముక్క ఒక్కటీ లేదు మావయ్యా, గైడులో ఉన్నదే దింపీసాను. సొంతంగా రాసింది చూపిస్తానుండు” అని ఇంకో నోటుబుక్కు తెచ్చింది.

వాళ్ళ తెలుగు మేడమ్ శనివారాలు ఒక పీరియడు రాత కోసం కేటాయించిందట. మార్కులు లేవు, గైడు లేదు. సినిమా మీద రాయొచ్చు, పాట మీద రాయొచ్చు, ఫోన్లో చూసిన రీల్ మీదైనా రాయొచ్చు. ‘బాగుంది’ అన్న మాట మాత్రం వాడకూడదు. ఈ ఒక్క నిబంధన పెట్టినందుకే ఆవిడకు దండం పెట్టాలనిపించింది. మన పత్రికల్లో సినిమా సమీక్షలు రాసేవాళ్ళకు కూడా ఈ షరతు పెడితే సగం మంది కలం కింద పెట్టేస్తారు.

ఒక అభ్యాసం ఇదీ: మీ ఇంట్లో పాట ఎవరు, ఎక్కడ, ఎలా వింటారో రాయండి. మా బావది చెరుకు వ్యవసాయం. గోవాడ ఫ్యాక్టరీకి తోలిన ఏడు తోలతాడు, లేని ఏడు బెల్లం వండి దిమ్మలు అనకాపల్లి మార్కెట్టుకు పంపుతాడు. పిల్ల ఆ బెల్లం పొయ్యి దగ్గర కూర్చుని రాసింది. నాన్న ఫోను గోడ మీద పెట్టి ఉంటుంది, పాత పాటలు మోగుతుంటాయి, పొయ్యిలో చెరుకు పిప్పి ఎగదోస్తూ తను కూడా గొంతు కలుపుతాడు. పాకం ముదిరే వేళకు మాత్రం “పాట ఆపీ” అని కేకేస్తాడు. ఉడుకు చప్పుడు మారడం చెవికి తెలియాలి, ఒక్క నిమిషం ఆలస్యమైతే మాడిపోతుంది. చివర్న పిల్ల ఇలా రాసింది: “ఇన్ని పాటలు ఇంటాడు గాని, మా నాన్నకి ఏ పాటా ఆఖరి దాకా రాదు.”

లాభాల పేరాలోనూ నష్టాల పేరాలోనూ ఈ వాక్యానికి చోటు లేదు. సినిమా పాట ఒక రైతు ఇంట్లో ఏ పని చేస్తోందో అంతా ఇందులోనే ఉంది.

పెద్ద మాటలు వదిలి కంటికి కనబడేదే రాసే ఈ కిటుకు పాట రాసేవాళ్ళకు ఎప్పుడో తెలుసు. 2023 మార్చిలో ‘ఆర్‌ఆర్‌ఆర్’లోని ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చింది. చంద్రబోస్ ఆ పాటలో పెట్టినవి చూడండి: జాతర, మర్రిచెట్టు నీడ, కర్రసాము, జొన్నరొట్టె, మిరపతొక్కు. గ్రామీణ సంస్కృతి, సంప్రదాయ వైభవం లాంటి మాటలతో ఆయనకు పనే పడలేదు. దాన్ని ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో, అధ్యక్ష భవనం ముందు తీశారు. మిరపతొక్కు అక్కడిదాకా పోయింది కదా, మన పరీక్ష పేపరు దాకా రావడానికి దానికి అడ్డేమిటో నాకర్థం కాదు.

అదే సినిమా మీద ఇంకో అభ్యాసముంది. సినిమాలో పాత్రకు లేఖ రాయాలి. ‘ఆర్‌ఆర్‌ఆర్’ 2022 మార్చి 25న విడుదలైంది. సరిగ్గా పది రోజులకు, ఏప్రిల్ 4న, కొత్త జిల్లాలు వచ్చాయి. చోడవరం విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి మారింది, పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. లేఖకు కుడివైపు పైన మా పిల్ల అలవాటుగా ‘చోడవరం, విశాఖపట్నం జిల్లా’ అని రాసి, కొట్టేసి, అనకాపల్లి అని దిద్దుకుంది. ఊళ్ళో పెద్దవాళ్ళు ఇప్పటికీ దిద్దుకోలేదు.

లేఖ అల్లూరికే. “మీరు సినిమాలో తెల్లోళ్ళ దగ్గర పోలీసు. మా పాఠంలో 1922 ఆగస్టులో చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకుపోయినారు. మా నాయనమ్మకి మీరు కృష్ణ. ఈ ముగ్గుర్లో ఎవరికి రాస్తన్నానో నాకే తెలవట్లేదు. మీ జిల్లాకి ఎల్లే పాడేరు బస్సు మా ఊరి మీంచే ఎల్తాది, అందికే ఎలాగో అందుతాదని రాస్తన్నాను.”

నాయనమ్మ చూసింది కృష్ణ నటించిన 1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’. చింతపల్లి వైపు అడవుల్లోనే తీశారు దాన్ని. చరిత్రనూ కల్పననూ విడదీసి చూడాలని పెద్దలు ఉపన్యాసాలిస్తారు. పదిహేనేళ్ళ పిల్ల ఆ పని ఒక బస్సు సాయంతో చేసేసింది.

నోటుబుక్కంతా ఇలాగే ఉందనుకోకండి. చాలా పేజీల్లో గూస్‌బంప్స్, పీక్స్, ఎలివేషన్, మాస్ జాతర తప్ప ఏమీ లేదు. గైడు భాష పోయి రీల్స్ భాష వచ్చింది, అరువు మాత్రం అరువే. మేడమ్ ఆ మాటల చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి పక్కన “ఏం జరిగింది?” అని రాసింది. ఆ ప్రశ్నకు పిల్ల జవాబు రాసిన చోటల్లా రాత లేచి నడిచింది. ఇంటర్వెల్లో పాప్‌కార్న్ కొనడానికి డబ్బులు చాలక, గేటు దగ్గర నిలబడి మిగతావాళ్ళు తినడం చూసిన స్నేహితురాలి గురించి రాసిన అరపేజీ అలా పుట్టిందే. ఫైటు కన్నా అదే నాకు గుర్తుంది.

యాస సంగతి కూడా చెప్పాలి. ‘పుష్ప’ డైలాగు ఒకటి నాయనమ్మ మాటల్లో తిరగరాయమంటే పిల్ల రాసి, కింద ఒక ప్రశ్న వేసింది: చిత్తూరు యాస మాట్లాడితే హీరో, తెలంగాణ యాస మాట్లాడితే హీరో, మన యాస మాట్లాడితే కామెడీ ఎందుకేటి? చాలా సినిమాల్లో ఉత్తరాంధ్ర మాట ఇంట్లో పనివాళ్ళకూ హాస్యగాళ్ళకూ దక్కింది, నిజమే. 2018లో ‘కేరాఫ్ కంచరపాలెం’, 2020లో ‘పలాస 1978’ వచ్చి కొంత బాకీ తీర్చాయి. ఆ మాటకొస్తే గురజాడ పుట్టిన ఎస్.రాయవరం ఇప్పుడు చోడవరం ఉన్న జిల్లాలోనే ఉంది. విశాఖ కోర్టుల్లో వినిపించే మాటను రావిశాస్త్రి కథల్లోకి ఎక్కించి దశాబ్దాలైంది. సాహిత్యం ఎప్పుడో ఒప్పుకున్నదాన్ని సినిమా ఇప్పుడిప్పుడే ఒప్పుకుంటోంది. బడి ఇంకా ఒప్పుకోలేదు.

సినిమాల మీద రాయిస్తే పిల్లల తెలుగు పాడవుతుందని మా వీధిలో ఒక పెద్దాయన దిగులు. ఆయనతో నేను వాదించను, రెండు పేర్లు చెప్తాను. విశాఖలో పుట్టిన శ్రీశ్రీకి ఉత్తమ గీత రచయితగా జాతీయ పురస్కారం తెచ్చింది ఆ 1974 సినిమాలో పాటే. అనకాపల్లిలో చదువుకున్న సీతారామశాస్త్రికి 1986లో వచ్చిన సినిమా పేరే ఇంటిపేరై కూర్చుంది, 2019లో పద్మశ్రీ కూడా ఆ పేరు మీదే వచ్చింది. పెద్దాయన సిరివెన్నెల పాటలంటే చెవి కోసుకుంటాడు, కనుక అక్కడితో మాట మారుస్తాడు.

తెలుగు మాస్టార్లకూ మేడమ్‌లకూ ఒక మనవి. పబ్లిక్ పరీక్షలుంటాయి, లాభనష్టాల వ్యాసం నేర్పండి, కాదనను. వారానికి ఒక్క గంట మాత్రం, నిన్న చూసిన సినిమాలో ఒకే ఒక్క సీను రాయమనండి. అది ఎవరి పక్కన కూర్చుని చూశారో కూడా రాయమనండి. దిద్దేటప్పుడు తప్పుల మీద ఎర్రగీత గీయండి, యాస మీద గీయకండి.