బుల్లితెర విడదీసిన ఇరుగుపొరుగు

సినిమా పత్రికలో ఫుట్‌బాల్ గొడవేమిటని మీరు అనుకోవచ్చు. అందులోనూ అమెరికా ఫుట్‌బాల్! పేరుకే కాలిబంతి గాని, చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట అది. కాస్త ఓపిక పట్టండి. ఇదీ మన శాటిలైట్ హక్కుల కథలాంటిదే. కాకపోతే ఇందులో విడిపోయింది హీరో హీరోయిన్లు కాదు, కాలేజీలు.

నేను 1986లో పైచదువుకని పుల్మన్ అనే ఊరు చేరాను. వాషింగ్టన్ రాష్ట్రం తూర్పు అంచున, కనుచూపు మేర గోధుమచేలు పరుచుకున్న గుట్టల మధ్య ఉంటుంది. ఊరంటే అక్కడి వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీయే. మొదటిసారి స్టేడియంలో కూర్చున్నప్పుడు ఆట ఒక్క ముక్క అర్థం కాలేదు. కాని ఆ జనం, ఆ కేకలు, ఆ ఊపు చూస్తే పెద్ద హీరో సినిమాకి మొదటిరోజు మొదటి ఆటకి వచ్చినట్టే ఉంది. ఇంకేముంది, వీరాభిమానినైపోయాను!

మా అమ్మాయి నా మాట వింటేగా! పోయిపోయి సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో చేరింది. ఆ జట్టుకీ మా జట్టుకీ 1900 నుంచి వైరం. ఈ పోటీని ఆపిల్ కప్ అంటారు. మా ఇంట్లో అది నవంబరు చివర, థాంక్స్ గివింగ్ పండగతో కలిసి వచ్చేది. సోఫాకి ఈ కొసన ఎర్రచొక్కాతో నేను, ఆ కొసన ఊదారంగు చొక్కాతో అమ్మాయి, మధ్యలో పకోడీల పళ్ళెంతో మా ఆవిడ. పెళ్ళయి న్యూజెర్సీ వెళ్ళాక కూడా ఆ పండక్కి మాత్రం తప్పకుండా వచ్చేది. “నీకోసం కాదు నాన్నా, మిమ్మల్ని ఓడించడానికి” అనేది.

ఇంతకీ అసలు సంగతికి వస్తాను. కాలేజీ జట్లు కాన్ఫరెన్సులనే కూటములుగా ఏర్పడి ఆడతాయి. పసిఫిక్ తీరపు కూటమికి 1915లో పునాది పడింది. రైలెక్కి వెళ్ళి ఆడి రాగల ఇరుగుపొరుగు వాళ్ళ పొత్తు అది. పేర్లు మారి, జట్లు పెరిగి, చివరికి పాక్-12 అయింది.

ఒకప్పుడు ఏ ఆట టీవీలో రావాలో దేశం మొత్తానికి ఎన్.సి.ఎ.ఎ. అనే సంస్థే నిర్ణయించేది. ఓక్లహోమా, జార్జియా యూనివర్సిటీలు కోర్టుకెక్కాయి. ఆ పెత్తనం చెల్లదని 1984లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇక ఎవరి ఆట వాళ్ళు అమ్ముకోవచ్చు. పోనుపోను కాన్ఫరెన్సులే తమ జట్ల ఆటలన్నీ గుత్తంగా అమ్మడం మొదలుపెట్టాయి. మన సినిమాని నైజాం, సీడెడ్ అని ఏరియాలవారీగా అమ్మినట్టే, ఏ జట్టు వెంట ఎంత పెద్ద బజారు వస్తుందన్నది లెక్కయింది.

2022 జూన్ 30న లాస్ ఏంజెలెస్ జట్లు రెండూ, యు.ఎస్.సి., యు.సి.ఎల్.ఎ., బిగ్ టెన్ కూటమికి వెళ్ళిపోతున్నామని ప్రకటించాయి. ఆ ఆగస్టులోనే బిగ్ టెన్‌కి ఫాక్స్, సి.బి.ఎస్., ఎన్.బి.సి.లతో ఏడేళ్ళ ఒప్పందం కుదిరింది. 700 కోట్ల డాలర్ల పైమాటే! లాస్ ఏంజెలెస్ బజారు పోయాక పాక్-12కి బేరం తగ్గింది. మరుసటేడు ఆపిల్ కంపెనీ ముందుకొచ్చింది గాని, రాబడి చాలావరకు ఎంతమంది చందా కడతారన్న దానిమీదే ఆధారపడి ఉంది. అప్పటికే కొలరాడో గడప దాటింది. 2023 ఆగస్టు 4న ఒక్కరోజే ఐదు జట్లు కదిలాయి. ఓరెగాన్, మా అమ్మాయి వాషింగ్టన్ బిగ్ టెన్‌కి. అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12కి. సెప్టెంబరు 1న స్టాన్‌ఫర్డ్, బర్కిలీ అట్లాంటిక్ తీరపు కూటమిలో చేరాయి. ఉండేది పసిఫిక్ ఒడ్డున, కాపురం అట్లాంటిక్‌తో!

మిగిలినవి రెండే జట్లు: ఓరెగాన్ స్టేట్, మా వాషింగ్టన్ స్టేట్. ఆడటం చేతకాక కాదండీ, 2018లో 11 ఆటలు గెలిచిన జట్టు మాది. కాని గోధుమచేలలో టీవీ సెట్లుండవు కదా! తమాషా ఏమిటంటే, ఇ.ఎస్.పి.ఎన్. వారి శనివారం ‘కాలేజ్ గేమ్‌డే’ ఏ ఊరినుంచి వచ్చినా, వెనక జనంలో మా జెండా ఎగురుతూనే ఉంటుంది. 2003 నుంచీ మా అభిమానులు ఊరూరా దాన్ని మోసుకెళ్ళి ఎగరేస్తున్నారు. టీవీలో అంతగా కనిపించే జెండా మాదే, టీవీ బేరంలో మిగిలిపోయిన జట్టూ మాదే.

2023 నవంబరు 25న పాత పొత్తులో చివరి ఆపిల్ కప్. ఆఖరి క్షణంలో ఫీల్డ్ గోల్ కొట్టి అమ్మాయి జట్టు 24-21తో గెలిచింది. గెలిస్తే సోఫా ఎక్కి గంతులేసే పిల్ల, ఆ రోజు మౌనంగా లేచి టీవీ కట్టేసింది. “వచ్చే పండక్కి ఏం చూస్తాం నాన్నా?” అంది.

పోటీ ఆగలేదు, 2028 దాకా ఆడటానికి ఒప్పందముంది. కాని ఆట సెప్టెంబరుకి జరిగింది. మనవడి బడి, అమ్మాయి ఉద్యోగం... రావడం కుదరలేదు. 2024 సెప్టెంబరు 14న మేము 24-19తో గెలిచాం. ఒక్కణ్ణే కూర్చుని చప్పట్లు కొట్టాను. సోఫా ఆ కొస ఖాళీ.

రెండు వారాలు తిరక్కుండానే ఫోను. “నాన్నా, మా టీమ్ మా ఊరొచ్చింది!” న్యూజెర్సీలో రట్గర్స్‌తో ఆట. మనవణ్ణి తీసుకెళ్ళింది. 21-18తో ఓడిపోయినా గొంతులో సంబరం పొంగిపోతోంది. నేను రోజూ తిట్టుకునే ఏర్పాటే దానికి పండగ తెచ్చింది! ఏమనాలో తోచలేదు.

చివరికి అన్నాను: “ఫుట్‌బాల్ వాళ్ళ సంగతి సరే. టీవీ కోసం కూటమి మారితే వాలీబాల్ ఆడే ఆడపిల్లలు కూడా పుస్తకాలు పట్టుకుని అంతంత దూరం ఎగరాల్సిందేగా?” కాసేపు మాట్లాడలేదు. “అదీ నిజమే. కాని ఆ ఆటల ఖర్చు కూడా ఈ టీవీ డబ్బులోంచే కదా నాన్నా” అంది. అదీ నిజమే! ఆ డబ్బు పాపపు సొమ్మేమీ కాదు. కాని పొరుగువాడి విలువ కట్టే గడి ఆ లెక్కల పుస్తకంలో లేదు.

మా కూటమి మళ్ళీ ఇల్లు కట్టుకుంటోంది. బాయిసీ స్టేట్ వగైరా జట్లు 2026 నుంచి పాక్-12లో చేరేట్టు కుదిరింది. సంతోషమే.

ఆ ఏడు నవంబరులో అమ్మాయి పండక్కి టిక్కెట్లు కొన్నానంది. “ఆట లేదుగా తల్లీ?” అన్నాను.

“పకోడీలు ఉంటాయిగా నాన్నా!”

ఇన్నేళ్ళ పోటీలో గెలిచింది మా ఆవిడేనని అప్పుడు తెలిసింది.