ఎవరి మూర వాళ్ళది

గన్నవరంలో ఒక మామూలు రోజున మనం ఎన్నిరకాల కొలతలు మాట్లాడతామో ఎప్పుడైనా లెక్కెట్టారా? బెజవాడ ఇరవై కిలోమీటర్లు. ఇంటి ముందు రోడ్డు ముప్పై అడుగులు. వడ్రంగి దగ్గర ప్లైవుడ్డు ఎనిమిది అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, మందం మాత్రం పద్దెనిమిది మిల్లీమీటర్లు. నీళ్ళ పైపు ముప్పావంగుళం. పొలమైతే ఎకరాలు, అందులో ముక్కయితే సెంట్లు, ఇళ్ళస్థలమైతే గజాలు. చీర పేరుకి ఆరు గజాలు, దాని చీటీ మీద అయిదున్నర మీటర్లు. మల్లెపూలు మూరల్లెక్కన. వాన సెంటీమీటర్లలో పడుతుంది, ఆ వాననీళ్ళు కృష్ణలోకి చేరాక అడుగుల్లో పెరుగుతాయి!

మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చింది. 1958 అక్టోబరు నుంచి అమలు మొదలైంది. అరవై ఏళ్ళు దాటిపోయాయి. పుస్తకాల్లో మీటర్లొచ్చాయి, నోళ్ళలో అడుగులు పోలేదు. పెద్దవాళ్ళకి దీంతో ఇబ్బందేమీ లేదు. ఏ వస్తువుకి ఏ కొలతో అలవాటైపోయింది కాబట్టి తడుముకోకుండా మాట్లాడేస్తాం. మరి అప్పుడే కొలవడం నేర్చుకుంటున్న ఎనిమిదేళ్ళ, తొమ్మిదేళ్ళ పిల్లల సంగతేంటి? కొన్నాళ్ళుగా నన్ను తొలుస్తున్న విషయం ఇదే.

నేను గన్నవరంలో ఇంటినుంచే పని చేస్తుంటాను. మా అక్క వాళ్ళదీ పక్క వీధే. మా మేనకోడలు నాలుగో తరగతి. సాయంత్రం స్కూలు నుంచి వచ్చాక దాని హోంవర్కు సగం నా టేబులు మీదే అవుతుంది. ఒకరోజు మార్పిడి లెక్కలు చేస్తోంది. 5 మీ. 8 సెం.మీ. = ఎన్ని సెం.మీ.? టకటకా 508 అని రాసేసింది. 58 అని రాయలేదు, అక్కడే చాలామంది పిల్లలు బోల్తా పడతారు. భేష్ అనుకుని ఎలా చేశావని అడిగితే నిచ్చెన బొమ్మ గీసి చూపించింది. పైమెట్టు కిలోమీటరు, తర్వాత హెక్టామీటరు, డెకామీటరు, మీటరు, డెసీమీటరు, సెంటీమీటరు, అట్టడుగున మిల్లీమీటరు. కిందికి దిగితే ఒక్కో మెట్టుకీ ఒక సున్నా చేర్చాలి, పైకెక్కితే ఒక సున్నా కొట్టెయ్యాలి. అంతే. (ఈ హెక్టామీటరు అనే మాట ఇంజనీరింగు నాలుగేళ్ళలో ఒక్కసారైనా వాడిన గుర్తు లేదు నాకు. మీలో ఎవరైనా వాడారా?)

సరే, ఊరికే అడిగాను. "అమ్మలూ, ఈ గది తలుపు ఎత్తు ఎంతుంటుందే?"

"ఇరవై సెంటీమీటర్లు మావయ్యా."

నేనేమీ అనలేదు. నా మొహం చూసి, "కాదు కాదు, ఇరవై మీటర్లు" అంది.

ఇరవై సెంటీమీటర్ల తలుపులోంచి పిల్లి కూడా వంగి వెళ్ళాలి. ఇరవై మీటర్ల తలుపంటే ఆరంతస్తుల అపార్టుమెంటంత. దానికి రెండూ ఒకటే. ఎందుకంటే దాని బుర్రలో మీటరు, సెంటీమీటరు అనేవి పొడవులు కావు, నిచ్చెన మెట్ల పేర్లు. వాటిమధ్య సున్నాలు చేర్చడం వచ్చు, తియ్యడం వచ్చు. ఆ సున్నాల వెనకాల ఏముందో ఎవరూ చూపించలేదు. మన భాషలో చెప్పాలంటే డేటా టైపు ఏంటో తెలీకుండానే టైపు కాస్టింగ్ నేర్పేశారన్నమాట :-)

పిల్లని ఏమీ అనడానికి లేదు. టీచర్ని అనడానికీ మనసొప్పదు. సెక్షనుకి నలభై మందికి పైగా పిల్లలు, నలభై నిమిషాల పీరియడు. నలభై మందీ లేచి గది కొలవడం మొదలుపెడితే ఆ రోజుకి పాఠం గోవిందా. నిచ్చెనైతే పది నిమిషాల్లో అయిపోతుంది, పరీక్షలో మార్కులూ వస్తాయి. ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ళ మూడో తరగతి మ్యాథ్ మ్యాజిక్ పుస్తకంలో పొడవుల మీద ఒక పాఠం ఉండేది. అందులో పిల్లల చేత చేతులతోనూ అడుగులతోనూ కొలిపించేవారు. పుస్తకం రాసేవాళ్ళకి తెలియక కాదు. పుస్తకంలో ఉన్నది తరగతి గదిలోకి వచ్చేసరికి నిచ్చెనొక్కటే మిగులుతోంది.

తర్వాత దాని కంపాస్ బాక్సులో ఉన్న ప్లాస్టిక్ స్కేలు చూశాను. మొదట్లో విరిగిపోయి 3 దగ్గర నుంచి మొదలవుతోంది. నాకు మంచి అవకాశం దొరికింది. ఒక పెన్సిలు దానిమీద 3 నుంచి 12 దాకా పెట్టి ఎంత పొడవని అడిగితే, "పన్నెండు" అంది. "మరి ముందున్న ముక్క లేదు కదా?" అన్నాను. కాసేపాలోచించి మూడు, నాలుగు, అయిదు అని ఒక్కో గీతా లెక్కెట్టుకుంటూ వెళ్ళి "పది" అంది.

మీరు ఈపాటికి నవ్వుకునుంటారు. మన ఆఫ్ బై వన్ ఎర్రర్! గీతలు పది, గీతల మధ్య ఖాళీలు తొమ్మిది. కొలవాల్సింది ఖాళీలని. పది కరెంటు స్తంభాల మధ్య సందులెన్ని అని అడిగితే వేళ్ళ మీద లెక్కెట్టి చెప్పేసింది. మళ్ళీ స్కేలు చూపించాక దాని మొహంలో వెలుగు రావడం చూడాలి మీరు.

ఇది మన పిల్లల గొడవ మాత్రమే కాదు. అమెరికాలో 2003 జాతీయ పరీక్షలో నాలుగో తరగతి పిల్లలకి ఇలాంటిదే ఇచ్చారు. పళ్ళు కుట్టుకునే పుల్ల ఒకటి, స్కేలు మీద 8 అంగుళాల దగ్గర మొదలై పదిన్నర దగ్గర ముగుస్తుంది. పొడవెంత? ఎక్కువమంది తప్పు రాశారు. అంటే స్కేలు చదవడం వేరు, కొలవడం వేరు. స్కేలు చదవడమంటే చివర్లో ఉన్న అంకె చూసి చెప్పడం. కొలవడమంటే ఒక ముక్కని ఖాళీ వదలకుండా, ఒకదానిమీదొకటి ఎక్కకుండా ఎన్నిసార్లు పేర్చానో లెక్కెట్టడం.

అందుకని ఓ రెండువారాలు నిచ్చెన జోలికి వెళ్ళొద్దనుకున్నాం. ముందు అమ్మ చేత (అంటే దాని అమ్మమ్మ చేత) ముందుగది పొడవు మూరల్లో కొలిపించాం. ఎనిమిదిన్నర వచ్చింది. తర్వాత అదే గది పిల్ల కొలిస్తే పదిన్నర.

"నాకే ఎక్కువొచ్చింది, నా మూరే పెద్దది!" అని గెంతింది.

అమ్మ నవ్వి, తన చెయ్యి దాని చెయ్యి పక్కన పెట్టింది. పిల్ల గెంతడం ఆపేసింది. చాలాసేపు రెండు చేతుల వంకా మార్చి మార్చి చూసింది. చివరికి మెల్లగా, "నా చెయ్యి చిన్నది కాబట్టి ఎక్కువసార్లు పెట్టాల్సొచ్చింది" అంది.

నా మట్టుకు నాకు మార్పిడి పాఠం మొత్తం ఆ ఒక్క వాక్యంలో ఉంది. పొడవు మారలేదు. గది ఎక్కడికీ పోలేదు. కొలిచే కర్ర చిన్నదైతే లెక్క పెరుగుతుంది, పెద్దదైతే తగ్గుతుంది. వంద సెంటీమీటర్లు ఒక మీటరు కావడానికి కారణం నిచ్చెనలో రెండు మెట్లుండటం కాదు, ఆ బుల్లి ముక్కలు వంద పేరిస్తేగానీ ఆ పెద్ద కర్ర నిండకపోవడం. ఇది తెలిస్తే సున్నా చేర్చాలా కొట్టెయ్యాలా అన్నది బట్టీ పట్టక్కర్లేదు.

ఎవరి మూర వాళ్ళదైతే బేరం ఎలా తెగుతుందన్నది తర్వాతి ప్రశ్న. పూలమ్మే మనిషి మూర ఎప్పుడూ పొట్టిదే అని అమ్మ ఫిర్యాదు. అందరికీ ఒకటే కర్ర ఎందుకు కావాలో పిల్లకి చెప్పడానికి అంతకంటే పెద్ద ఉపన్యాసం అవసరం లేకపోయింది. ఆ రోజే ఒక మీటరు పొడవు తాడు కత్తిరించి ఇచ్చాం. పది సెంటీమీటర్లకో ముడి వేశాం. వారం రోజులు అదెక్కడికెళ్తే తాడు అక్కడికెళ్ళింది. కొలిచే ముందు ఊహించి చెప్పాలన్నది ఒక్కటే షరతు. మంచం రెండు తాళ్ళ కంటే తక్కువ. గేటు ఒక తాడు మీద రెండు ముళ్ళు. మొదట్లో ఊహలన్నీ అడ్డదిడ్డంగా ఉండేవి, నాలుగోరోజుకి దగ్గరికొచ్చేశాయి.

మా అక్కకి మాత్రం ఇదంతా నచ్చలేదు. "ఒరేయ్, బుధవారం దానికి పరీక్ష. నువ్వేమో జానలూ బెత్తెలూ కొలిపిస్తూ కూర్చున్నావు. మార్కులు పోతే నువ్వొచ్చి మాట్లాడతావా టీచరుతో?" అంది. అక్క మాట కొట్టిపారేసేది కాదు. పిల్లని ఏ సెక్షన్లో వెయ్యాలో ఆ మార్కులే చెప్తాయి. అందుకని చివరి రెండ్రోజులూ నిచ్చెన కూడా చేయించాం. పరీక్షలో ఒకచోట, 3 మీ. 5 సెం.మీ. ఎన్ని సెంటీమీటర్లో ఎలా చెప్తావంటే, "మూడు వందల చిన్న ముక్కలు, ఇంకో అయిదు" అని సొంతమాటల్లో రాసొచ్చింది. జవాబు రైటే. పద్ధతి ప్రకారం లేదని అర మార్కు కోశారు. అక్క నా వంక చూసిన చూపు వర్ణించను. కానీ అదే పేపర్లో 400 సెం.మీ. ఎన్ని మీటర్లంటే ముందు 40000 అని రాసి, తర్వాత కొట్టేసి 4 అని దిద్దింది. ఎందుకు దిద్దావంటే, "పెద్ద కర్రతో కొలిస్తే తక్కువ రావాలి కదా మావయ్యా" అంది. నిచ్చెన జారితే పట్టుకోడానికి దానికింకోటి ఉంది. అర మార్కు పోతే పోయింది.

ఇక మా ఊరి గొప్ప ఒకటి చెప్పుకోవాలి. గన్నవరం విమానాశ్రయం రన్‌వే పాత పొడవు 2,286 మీటర్లు. "గుండ్రంగా 2,300 పెట్టొచ్చుగా?" అనడిగింది పిల్ల. కాలిక్యులేటరు తీసి 0.3048తో భాగించి చూడండి. సరిగ్గా 7,500 అడుగులు! ఒక్క అంగుళం అటూ ఇటూ లేదు. అడుగుల్లో గుండ్రటి అంకె, మీటర్ల చొక్కా తొడుక్కునేసరికి వంకరటింకరగా కనిపించింది. 2021లో వాడుకలోకి వచ్చిన పొడిగించిన రన్‌వే 3,360 మీటర్లు. అంటే దాని తాళ్ళు మూడువేల మూడువందల అరవై. ఈ చివర్నుంచి ఆ చివరికి నడవనిస్తే నలభై నిమిషాలు. ఆ తర్వాత ఊరి పక్కనుంచి విమానం లేచినప్పుడల్లా మేనకోడలు చూసే చూపు మారింది.

గజం దగ్గర మాత్రం నన్ను కాసేపు నిలబెట్టేసింది. "చీర గజం మూడడుగులన్నావు, తాతయ్య స్థలం గజం తొమ్మిదడుగులంటున్నాడు. ఏది నిజం?" రెండూ నిజమే. మనవాళ్ళు స్థలం దగ్గర గజమంటే చదరపు గజం. నేల మీద సుద్దముక్కతో మూడడుగుల చదరం గీసి, అడుగు చదరాలు తొమ్మిది పట్టించాక ఒప్పుకుంది. మా ప్రాంతంలో ఇది ఆటలో అరటిపండు కాదు. 2015లో అమరావతి భూసమీకరణలో ఎకరాల్లో ఇచ్చిన రైతులకి గజాల్లో ప్లాట్లు లెక్కగట్టారు. ఎకరానికి 4,840 గజాలు, సెంటుకి 48.4 గజాలు అని చప్పున తట్టని మనిషి కాగితం మీద సంతకం పెట్టే ముందు పక్కవాడి మొహం చూస్తాడు. తలుపెత్తు అడిగితే మా పిల్ల నా మొహం చూసినట్టే.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిపోయింది కదా. అక్కడ మా బంధువుల ఇంటి గోడ మీద నీళ్ళు నిలబడిన చార ఇంకా అలాగే ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులని అప్పట్లో పేపర్లు రాశాయి. క్యూసెక్కంటే సెకనుకి ఒక ఘనపుటడుగు. ఆ అంకె పిల్లకి కాదు, నాకే బుర్రకెక్కదు. మొన్న వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఎవరూ చెప్పకుండానే అది తాడు తీసి గోడకి ఆనించింది. ఒక తాడు, నాలుగు ముళ్ళు, ఇంకొంచెం. 145 సెంటీమీటర్లు. తర్వాత తన ఎత్తు గుర్తు చేసుకుంది, 127. మనసులోనే తీసివేత చేసుకుని, చెయ్యి తలమీద పెట్టి అక్కణ్ణుంచి చార దాకా జాన వేసి చూసింది. జానకి కాస్త ఎక్కువే వచ్చింది. ఏమీ మాట్లాడలేదు. వాళ్ళత్తయ్య చెయ్యి పట్టుకుంది.

ఆ అంకె వెనకాల ఏముందో దానికి తెలిసింది. నాకు కావాల్సింది అదే.

మనం రోజంతా అంకెలతోనే బతుకుతాం. యూనిట్ లేని అంకె ఎంత ప్రమాదమో మన వృత్తిలో ఉన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. నాసా అంగారకుడి మీదికి పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999లో పోయింది అందుకే. ఒక ప్రోగ్రాము పౌండ్ల లెక్కలో ఇచ్చిన అంకెల్ని రెండో ప్రోగ్రాము న్యూటన్ల లెక్కనుకుని తీసుకుంది. అక్కడున్నవాళ్ళెవరికీ మార్పిడి సూత్రం రాక కాదుగా!

కాబట్టి పిల్లలున్న మిత్రులారా, నిచ్చెన నేర్పించండి, పరీక్షలకి తప్పదు. దానికంటే ముందు ఒక మీటరు తాడు కొనిపెట్టండి, పది రూపాయలు కూడా అవదు. కొలిచే ముందు ఊహించమనండి. అడుగులూ మూరలూ ఇంట్లో వినిపిస్తే "అవి పాతవి, వదిలెయ్" అనకండి. ఒకే పొడవుకి రెండు లెక్కలెలా వస్తాయో తెలియాలంటే రెండు కర్రలుండాలి. మన ఇళ్ళలో అరడజను ఉన్నాయి, అదృష్టం.

అన్నట్టు, ఇది చదువుతున్న మీ ముందున్న టేబులు పొడవు ఎన్ని సెంటీమీటర్లుంటుంది? కొలవకముందే ఒక అంకె అనుకోండి. ఎంత తేడా వచ్చిందో నాకూ చెప్పండి.